గుడ్డ కింది అక్షరాలు

జూన్ 3

అక్క పలక ప్రాణం పోయింది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పగిలింది. బోర్డులకి తీగలు అతికే మా కుర్రాడు, సోల్డరని పిలుస్తాం, విప్పి చూసి పెదవి విరిచాడు. బోర్డు మాడిపోయింది. దాని మీది చిప్పు తయారీ ఆగిపోయి చాలా కాలమైంది, ఎక్కడ వెతికినా దొరకదు. అద్దం ఒక్కటి చెక్కు చెదరలేదు.

నోరు పడిపోయినవాళ్ళు అక్షరాలు నొక్కితే వాళ్ళ బదులు మాట్లాడే పలకలు తయారుచేయడం మా వర్క్‌షాపు పని. అలాంటి చోట సొంత అక్క పలకకి మారు బోర్డు లేదు. నవ్వు రావాలి గానీ రావడం లేదు. బయట ఉన్న పలకలన్నీ ఆ పాత బోర్డువే. ఒకరి నోరు లాక్కొచ్చి ఇంకొకరికి పెట్టలేం కదా.

"ఏదైనా రాసుకోండి, బుర్ర తేలికవుతుంది," అంది అక్కని చూసే డాక్టరమ్మ. రాస్తున్నాను. ఏమీ తేలిక కాలేదు.

జూన్ 4

ఆసుపత్రికి వెళ్ళాను. అక్క గదికి ఒకే కిటికీ, అందులోంచి కార్లు ఆపే చోటు కనిపిస్తుంది. అక్క ముఖానికి గాలి పంపే మాస్కు. కాళ్ళు ముందు మానేశాయి, తర్వాత చేతులు, తర్వాత నాలుక. ఇప్పుడు కుడి చూపుడువేలు ఒక్కటి, అది కూడా మంచం మీద పాకడమే తప్ప పైకి లేవదు. అక్క కూతురు చిట్టి మందుల షాపులో సెలవు పెట్టి రోజంతా ఆ మంచం పక్కనే ఉంటోంది.

డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలవలేదు. ఏదైనా తన ఎదుటే మాట్లాడాలని అక్క ముందే చెప్పింది. అది నాకు నచ్చలేదు.

"ఊపిరి తీసే కండరాలు అలిసిపోతున్నాయి. ఈ మాస్కు ఇంకెంతో కాలం సరిపోదు. మెడ దగ్గర గొట్టం వేసి యంత్రం పెడితే ఇంకా బతకొచ్చు. ఏళ్ళ తరబడి కూడా కావచ్చు. కానీ మంచం మీదే, యంత్రంతోనే. వేయకపోతే కొద్ది వారాలు."

"వేయండి," అన్నాను.

"మీరు కాదండీ. ఆవిడ చెప్పాలి. ఒకసారి వేశాక తీయడమంటే మాటలు కాదు."

"అమ్మ రెప్పలతో చెప్తుంది డాక్టర్," అంది చిట్టి. "ఒకసారి వాలిస్తే అవును, రెండుసార్లు వాలిస్తే కాదు."

డాక్టరమ్మ వంగి అడిగింది. అక్క రెండుసార్లు వాల్చింది.

మాస్కు అంచులోంచి గాలి కళ్ళకి కొడుతోంది, ఎవరికైనా రెప్పలు వాలతాయి. ఆ మాటే అన్నాను. చిట్టి నా వైపు గుడ్లురిమి చూసింది. డాక్టరమ్మ మాస్కు అంచు సరిచేసింది.

"సరే, ఇది చిన్న విషయం కాదు. నాకూ ఆవిడ మాటల్లోనే వినాలనుంది, అనుమానానికి చోటు లేకుండా. పలక ఎప్పటికి వస్తుంది?"

"వారంలో."

"వారం ఆగగలం. మరీ ఎక్కువైతే కష్టం."

వారం చాలు. నేను చేసే పనే అది.

జూన్ 6

కొత్త బోర్డు వచ్చింది. సోల్డరు అక్క పాత అద్దాన్నే దానికి బిగించాడు. మనిషి వాగుడుకాయే గానీ చెయ్యి బంగారం. అక్క వేలు రాసుకుని రాసుకుని కొన్ని అక్షరాల చోట అద్దానికి మెరుపు తగ్గింది. అక్షరాల అమరిక అక్క చెప్పిందే. ఎక్కువ వాడేవి వేలికి దగ్గరగా, నొక్కినదంతా పైకి చదివించే 'పలుకు' మీట కుడి చివర మూల. మొదట నేను నా తెలివితేటలు చూపించి వేరేగా పెడితే, "నీ ఇష్టమొచ్చినట్టు పెడితే నేను మళ్ళీ మొదటి పాఠం నుంచి రావాలి, మార్చు," అని పలక చేతే తిట్టించింది. పలకది మగ గొంతు. దానికి జలుబు చేసిందని అక్క వేళాకోళం.

కరెంటు ఇచ్చాం. తెర నల్లగా ఉండిపోయింది.

చిట్టి ఫోన్ చేసింది. "ఎందుకు వెలగట్లేదు మామయ్యా?"

"బొమ్మని తెర దాకా చేర్చే డ్రైవరు ప్రోగ్రాంకి మూడు దారులుంటాయి. బ్యాకెండ్లంటాం. ఒకటి పాతది, తెర మెమరీలో సూటిగా రాసేయడం. ఇంకోటి, మధ్యలో ఒక మేనేజరు కూచుని కిటికీలన్నీ సర్దడం. మూడోది కొత్తది, యంత్రాన్నంతా నడిపే కెర్నెల్‌తోనే మాట్లాడుకుని బొమ్మ తెర మీద పెట్టడం. ప్రోగ్రాంలన్నీ కట్టగట్టి బిల్డు చేసేటప్పుడే ఒకటి ఎంచుకోవాలి. మన పలక పాత దారిలో నడిచింది. ఈ చిప్పువాళ్ళు ఆ దారి మూసేశారు."

"అయితే?"

"డ్రైవరు ఒక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మన అక్షరాల ప్రోగ్రాం ఇంకో గుమ్మం దగ్గర కాచుక్కూచుంది."

"ఇద్దర్నీ ఒకే గుమ్మం దగ్గరికి రమ్మను."

"అంత తేలికైతే నాకు జీతమెందుకిస్తారే?"

నవ్వింది. ఈ మధ్య దాని నవ్వు వినలేదు.

జూన్ 7

బిల్డు పొద్దున్నంతా నడిచింది. మళ్ళీ నలుపే. చిత్రమేమంటే, ప్రోగ్రాం తన పనులు రాసుకునే లాగ్‌లో ఒక్క ఎర్ర లైను లేదు. తెర దొరికింది, అక్షరాలు గీశాను, అంతా క్షేమం అని రాసుకుంటూ పోతోంది.

మధ్యాహ్నానికి అర్థమైంది. నాలుగో దారి ఒకటుంది. తెర లేని దారి. పరీక్షల బల్ల మీద బోర్డులకి తెరలుండవు కదా, ప్రోగ్రాం ప్రతిసారీ పడిపోతోందని కిందటేడు నేనే పెట్టాను. ఏ గుమ్మం తెరుచుకోకపోతే, బొమ్మని మెమరీలో ఎక్కడో గీసుకుని, అంతా బాగుందని చెప్పమన్నాను. ఇప్పుడు అది నమ్మకంగా అదే చెప్తోంది.

తీసేయనా? తీసేస్తే ప్రోగ్రాం పడిపోతుంది, అంతే తేడా. ఉండనీ.

జూన్ 9

తమాషా జరిగింది. అద్దం మీద టీ చుక్క పడిందని సోల్డరు చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. అద్దం చీకటిగానే ఉంది. ఉన్నట్టుండి, "ళళ గమ ళ," అంది జలుబు గొంతు. వాడు ఎగిరి గంతేశాడు. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

"గురూ, ఇది పనిచేస్తోందిగా! టచ్చు ఉంది, గొంతు ఉంది. బొమ్మ ఒక్కటే లేదు."

"బొమ్మ లేకుండా ఏం చూసి నొక్కుతుందిరా?"

"అదీ నిజమే," అని టీ గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయాడు.

చిట్టికి ఈ సంగతి చెప్పలేదు. సగం సగం వస్తువు చూపించి ఆశ పెట్టడం ఎందుకు. ఇచ్చేదేదో పూర్తిగా ఇవ్వాలి.

జూన్ 10

నల్లగానే.

జూన్ 12

వారమైంది కదా అని చిట్టి ఒంటికాలి మీద లేచింది. నేను చెప్పిన వారం పనిచేసే రోజుల వారం. అది దానికి చెప్పినా ఎక్కదు.

ఫోనులో అక్షరాలు పెట్టి చూసిందట. అక్క వేలి బరువుకి ఫోను స్పందించదు. మా అద్దమైతే ఈక తగిలినా పట్టేస్తుంది, అందుకే ఈ పాట్లన్నీ. చివరికి ఒక అట్ట మీద అక్షరాలన్నీ పెద్దగా రాసి అక్క చేతి కింద పెట్టింది.

"అమ్మా, గొట్టం గురించి ఏం చెప్తావు? నువ్వు ఆగిన చోటల్లా నేను పైకి చదువుతా."

వేలు పాకింది. పాకి పాకి ఒకచోట ఆగింది.

"వ," అంది చిట్టి. "మామయ్యా, చూశావా? వ."

"జారి ఆగింది. పక్కనే 'ల' కూడా ఉంది."

"వ అని నాకు కనిపిస్తోంది!"

"నీకు కనిపించేది డాక్టరమ్మకి చాలదు. మాటల్లో కావాలంది."

చిట్టి అట్టని గోడకేసి కొట్టింది. అక్క నా వైపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నేను కిటికీ దగ్గరికెళ్ళి కార్లు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత చాలాసేపు అక్క వేలు దుప్పటి మీద కదులుతూనే ఉంది. అటు కొంచెం, ఇటు కొంచెం, కుడి చివరికి వచ్చి ఆగడం. మళ్ళీ మొదలు. వణుకు. ఈ జబ్బులో నరాలు అలా కొట్టుకుంటాయని ఎక్కడో చదివాను.

జూన్ 13

వణుకే అది.

జూన్ 14

బస్సులో వస్తుంటే అక్క టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తొచ్చింది. సైకిళ్ళు బాగుచేసే షాపు పైన పొడుగాటి గది. కింద సుత్తి చప్పుడు, పైన మెషీన్ల చప్పుడు. బావ పోయాక చిట్టిని చంకనేసుకుని ఆ గదితోనే ఇల్లు నడిపింది. నా చదువు కూడా ఆ గదిలోంచి వచ్చిందే.

అక్క దగ్గర ఎవరు చేరినా మొదటిరోజే చేతుల మీద గుడ్డ కప్పేది. పాత తువ్వాళ్ళు కత్తిరించి అంచులు కుట్టి పెట్టుకునేది, మనిషికొకటి. "కళ్ళు కాగితం మీద, చేతులు గుడ్డ కింద. అక్షరాలు కళ్ళకి కాదు, వేళ్ళకి తెలియాలి." గుడ్డ ఎత్తి తొంగి చూస్తే స్కేలుతో టేబులు మీద ఠపీమని ఒక్కటి వేసేది. మనుషుల్ని కొట్టేది కాదు గానీ ఆ చప్పుడుకే సగం ప్రాణం పోయేది.

పాఠం అయ్యాక ఒకటే ప్రశ్న. "ఎన్ని తప్పులు?" ఎవరి తప్పులు వాళ్ళే లెక్కపెట్టుకుని చెప్పాలి. నేనెప్పుడూ ఒకటి తగ్గించి చెప్పేవాణ్ణి. అక్క ఏమీ అనేది కాదు. మర్నాడు ఆ కాగితం నా మెషీన్ దగ్గరుండేది, చెప్పకుండా దాచిన తప్పు చుట్టూ ఎర్ర సిరాతో ఒక సున్నా.

మంచి రోజులు. ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు.

జూన్ 15

అక్షరాల రూపు మార్చాను. పాతవి మరీ సన్నంగా ఉండేవి. నలుపు మీద పసుపు పెడితే కళ్ళకి హాయి. పలక వెలగగానే మొదట కనిపించే బొమ్మ కూడా కొత్తది గీశాను. తెర వచ్చాక అన్నీ సిద్ధంగా ఉండాలి కదా.

సోల్డరు వెనక నిలబడి చూస్తున్నాడు.

"తెరే లేదు, రంగులేంటి గురూ?"

"వచ్చాక చేస్తే ఆలస్యమవుతుందని."

"నాకు సాఫ్ట్‌వేర్ రాదు గానీ, ఈ రెండు ఫైళ్ళలో దారి పేరు వేరువేరుగా ఉందేంటి? డ్రైవరుకి మేనేజరు దారి రాశావు, ప్రోగ్రాంకి కెర్నెల్ దారి రాశావు. రెండూ ఒకటే పెట్టి చూశావా?"

చూస్తానన్నాను. అదయ్యుండదు. ఇన్ని రోజుల తలనొప్పి అంత చిన్నదయ్యుండదు.

జూన్ 16

ఆ లైను సంగతి రేపు చూడాలి. ఇవాళ పసుపు మరీ కొట్టొచ్చినట్టు ఉందనిపించి తగ్గించాను.

జూన్ 17

రేపు.

జూన్ 18

డాక్టరమ్మ ఫోన్. అక్క రక్తంలో గాలి లెక్కలు పడిపోతున్నాయట.

"పలక ఏమైందండీ?"

"ఒక కొలిక్కి వస్తోంది."

"చూడండి, ఒకటి చెప్తాను. ఏ క్షణమైనా ఊపిరి ఆగిపోవచ్చు. అప్పటికి ఆవిడ మాట నా దగ్గర లేకపోతే, నేను గొట్టం వేసేయాల్సిందే. మాకు వేరే దారి లేదు. ఆవిడ కోరుకునేది అది కాదని నాకనిపిస్తోంది. కానీ నాకనిపిస్తే చాలదు."

సరేనన్నాను. తొందరగా చేస్తానన్నాను.

ఫోన్ పెట్టాక ఎందుకో బాగా ఆకలేసింది. వీధి చివర హోటల్‌కి వెళ్ళి కడుపు నిండా తిన్నాను. ఈ మధ్య ఇలా తిన్నది లేదు. తిని వచ్చి బల్ల సర్దుకున్నాను, తీగలన్నీ చుట్టి రంగుల వారీగా కట్టాను. ఆ లైను జోలికి పోలేదు. తొందరపడితే పని చెడుతుంది.

జూన్ 20

జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున చిట్టి చెప్పాపెట్టకుండా వర్క్‌షాపుకి వచ్చింది. నిద్ర లేని ముఖం, జడ కూడా వేసుకోలేదు. "ఎక్కడిదాకా వచ్చింది? నా కళ్ళతో చూడాలి," అంది.

నేను బ్యాకెండ్ల గురించి మొదలుపెట్టాను. మేనేజరు దారికి ఇవి కావాలి, కెర్నెల్ దారికి అవి కావాలి అంటూ పోతున్నాను. అది వింటోందో లేదో తెలియదు. సోల్డరుకి దాన్ని చూసి జాలేసినట్టుంది.

"బాధపడకమ్మా, బొమ్మ ఒక్కటే తక్కువ. ఇదిగో చూడు," అని ఆ నల్ల అద్దం మీద వేలితో అడ్డదిడ్డంగా రాసి, మూల నొక్కాడు.

"బబ తర లల," అంది జలుబు గొంతు.

చిట్టి కదలకుండా నిలబడిపోయింది. అమ్మ గొంతుగా ఇన్నాళ్ళు విన్నది ఆ గొంతునే కదా.

"ఇది ఎప్పట్నుంచి మాట్లాడుతోంది?"

సోల్డరు నా వైపు చూశాడు. నేను తీగలు చూస్తున్నాను. "బోర్డు వచ్చిన రెండు మూడు రోజుల్నుంచీ," అన్నాడు మెల్లగా.

"మామయ్యా."

"బొమ్మ లేకుండా ఎలా నొక్కుతుందే? ఇంకా పూర్తి కాలేదది."

"అమ్మ ఎలా నొక్కుతుందని నువ్వు అడుగుతున్నావా? నువ్వా?" కేకలు వేయలేదు. వేసుంటే బాగుండేది. "చేతుల మీద గుడ్డ కప్పి నీకు నేర్పింది ఎవరు? దుప్పటి మీద రోజంతా కొడుతోంది మామయ్యా. వణుకంటావేంటి? కుడి మూలకొచ్చి ఆగుతోంది, పలుకు మీట అక్కడే కదా ఉండేది! నేనైతే పలక ఉన్నప్పుడు అటు చూడనేలేదు, మాట వినేదాన్ని, అంతే. నువ్వు ఆ మీట అక్కడ పెట్టినవాడివి."

"పూర్తి కానిది ఎలా ఇవ్వను చిట్టీ."

"అమ్మ పూర్తయ్యేలోపు ఇస్తావా?"

పలక తీసి సంచిలో పెట్టుకుంది. బ్యాటరీ తీగ ఊడుతుందని చెప్పాను. చెప్పినా ఆగదు కాబట్టి పలక ఒళ్ళో పట్టుకుని నేనే ఆటో ఎక్కాను. దారంతా చిట్టి రోడ్డు వైపు తిరిగి కూచుంది.

అక్క మేలుకునే ఉంది. డాక్టరమ్మ వచ్చేదాకా చిట్టి ఆగలేదు. ట్రే మీద పలక పెట్టి, అక్క చేయి తెచ్చి అద్దం మీద ఆనించింది. తెర నల్లగా ఉంది, అందులో మాస్కూ, కిటికీ వెలుతురూ కనిపిస్తున్నాయి. అక్క అద్దం వైపు చూడనే లేదు. పైకప్పు చూస్తోంది. వేలు ముందు ఎడమ అంచు దాకా పాకింది, అంచు తగలగానే ఆగింది. అక్కడినుంచి కొలుచుకున్నట్టు వెనక్కి వచ్చింది. చోటు వెతుక్కోవడం అది. మెషీన్ ముందు కూచోగానే పిల్లలందరి చేతా అలాగే చేయించేది.

వేలు కదిలింది. చాలాసేపు కదిలింది. మూలకి వచ్చింది.

"చిట్టీ జడ వేసుకో," అంది జలుబు గొంతు.

చిట్టి మంచం మీద తల పెట్టి ఏడ్చేసింది. నేను గోడకి ఆనుకున్నాను.

డాక్టరమ్మ వచ్చింది, నల్ల పలక చూసింది, ఏమీ అడగలేదు. స్టూలు లాక్కుని అక్క ముఖానికి ఎదురుగా కూచుంది. గొట్టం గురించి మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. వేస్తే ఏమిటి, వేయకపోతే ఏమిటి. తొందర లేదంది.

"గొట్టం వద్దు."

"వేయకపోతే ఏమవుతుందో తెలుసు కదమ్మా?"

"తెలుసు. నొప్పి లేకుండా చూడండి."

"చూస్తాను. అది నా పూచీ. ఈ మాట మీరే అంటున్నారా, ఎవరైనా బలవంతం చేశారా?"

వేలు ఈసారి ఎక్కువసేపు తీసుకుంది. మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పాకింది.

"బలవంతం తమ్ముడిది. అది కూడా బతికుండమని. వాణ్ణి ఏమీ అనకండి."

డాక్టరమ్మ నా వైపు తిరగలేదు. అందుకు ఆమెకి రుణపడి ఉంటాను. రాసుకోవాల్సింది రాసుకుని, అక్క చేయి నొక్కి వెళ్ళిపోయింది.

నేను మంచం దగ్గరికి వెళ్ళాను. అక్క కళ్ళు నా మీదికి తిప్పింది. వేలు మొదలైంది. నేను అద్దం వైపు చూడకుండా వేలినే చూస్తున్నాను, ఏ అక్షరం తర్వాత ఏ అక్షరమో నాకు పలక పలకక ముందే తెలిసిపోతోంది.

"చూడకుండా కొట్టాను. ఎన్ని తప్పులు?"

"లేవక్కా. ఒక్కటి కూడా లేదు."

"సరిగ్గా లెక్కపెట్టు."

అక్కడ నిలబడలేకపోయాను. కారిడార్లోకి వచ్చి, నీళ్ళ కూలర్ పక్కన కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

జూన్ 22

అక్క రోజంతా మాట్లాడుతోంది. ఇన్నాళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టుంది. చిట్టికి బీరువాలో ఏ చీర ఎవరికో చెప్పింది. నర్సుని, "నీ చెప్పులు కీచుమంటున్నాయి, నూనె వేయించు," అంది. సోల్డరు చూడ్డానికి వస్తే, "ఈ జలుబు ఎప్పటికి తగ్గుతుంది డాక్టర్," అని వాణ్ణి పరాచికాలాడింది. వాడు నవ్వబోయి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

అందరూ బయటికి వెళ్ళాక నేనడిగాను. "తెర వెలిగిస్తానక్కా. ఇప్పుడే పట్టుకెళ్ళి రేపటికి తెచ్చేస్తాను. పెద్ద పని కాదు."

"తెలుసు."

ఆ ఒక్క మాట అని వేలు వెనక్కి తీసుకుంది. తర్వాత, "వద్దు. అలవాటైపోయింది. కూచో," అంది.

కూచున్నాను.

జూన్ 23

కోపమా అక్కా అని అడిగాను.

"ఉంది. అయినా నువ్వే కావాలి."

జూన్ 25

వేలు అలిసిపోతోంది. మాటకీ మాటకీ మధ్య చాలా గ్యాప్. పదాలు సగంలో ఆగిపోతే నేను పూర్తి చేస్తున్నాను, తప్పయితే రెండుసార్లు రెప్ప వాలుస్తుంది. ఇప్పుడు రెప్పలు చక్కగా అర్థమవుతున్నాయి.

జూన్ 26

ఇవాళ ఒక్కమాటే. "కిటికీ."

పరదా తీశాం. కార్లు చూస్తూ పడుకుంది.

జూన్ 28

మధ్యాహ్నం అక్క పోయింది. నొప్పి లేదు. డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. ఒక చెయ్యి చిట్టి పట్టుకుంది. ఇంకో చెయ్యి, వేలు ఉన్న చెయ్యి, నేను పట్టుకున్నాను.

జూలై 2

ఏం రాయను.

జూలై 9

వర్క్‌షాపుకి వెళ్ళాను. పలక కోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నారట, ఎవరో స్కూలు మేష్టారు, ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. సోల్డరు భయం భయంగా చెప్పాడు. నాకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు నీళ్ళు నమిలాడట.

కూచుని ఆ ఫైలు తెరిచాను. డ్రైవరు దగ్గర మేనేజరు దారి పేరు కొట్టేసి, ప్రోగ్రాం దగ్గరున్న పేరే రాశాను. ఒక్క లైను. నాలుగో దారి, అదే తెర లేని దారి, దాన్ని కూడా తీసేశాను. తెర దొరక్కపోతే ఇకనుంచి ప్రోగ్రాం పడిపోతుంది. పడిపోనీ, అందరికీ తెలుస్తుంది. బిల్డు పెట్టి టీ తాగొచ్చాను.

కరెంటు ఇవ్వగానే తెర వెలిగింది. మొదట నేను గీసిన బొమ్మ, తర్వాత అక్షరాలు, నలుపు మీద పసుపు. పసుపు బాగానే కుదిరింది. సోల్డరు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు.

సాయంత్రం చిట్టి వచ్చింది. ఆసుపత్రి నుంచి అక్క సామాను తెచ్చినప్పుడు నా గొడుగు కూడా వచ్చిందట, ఇచ్చిపోదామని. బల్ల మీద వెలుగుతున్న పలక చూసి దగ్గరికి వెళ్ళింది. అది అక్క అద్దం కాదు. ఆ అద్దం విప్పి నా సొరుగులో పెట్టుకున్నాను, చిట్టికి కావాలంటే ఇస్తాను. ఇది కొత్తది, ఎక్కడా మెరుపు తగ్గలేదు. చిట్టి దాని మీద చెయ్యి పెట్టి, అక్షరాల వరసలు చూస్తూ నిలబడింది. జడ గట్టిగా అల్లుకుని వచ్చింది.

"ఏం చేస్తే వచ్చింది మామయ్యా?"

"ఒక లైను మార్చాను."

"ఒక్కటే?"

"ఒక్కటే."

అది నా ముఖంలోకి చూసింది. ముక్కు బావది గానీ చూపు మాత్రం అక్కదే.

"ఆ లైనే అని నీకు ఎప్పుడు తెలిసింది?"

సోల్డరు బల్ల కింద ఏదో పడేసుకున్నట్టు వంగి వెతకడం మొదలుపెట్టాడు.

"ఇవాళే," అన్నాను.

చిట్టి తల ఊపింది. గొడుగు కుర్చీకి తగిలించి, వస్తానంది. మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా నేను కదల్లేదు.

మళ్ళీ ఒకటి తగ్గించి చెప్పాను. రేపు పొద్దున నా బల్ల మీద ఎర్ర సున్నా చుట్టిన కాగితం ఉండదు.